దమ్ ఉన్నంత రఫ్తార్

ఉర్దూలో దమ్ అంటే ఊపిరి. బిర్యానీని దమ్‌కి పెట్టడంలోనూ అదే మాట. మంట పెద్దదైతే అడుగు మాడుతుంది, పైన బియ్యం పలుకుగానే ఉంటుంది. పరుగు కూడా సన్న సెగ మీద అయ్యే పనే అని ఈ నాలుగు నెలల్లో నాకు సమఝ్ అయింది.

మా ఖాందాన్‌లో షుగర్ వారసత్వంగా వస్తోంది. నానీకి వచ్చింది, అమ్మీకి వచ్చింది. యాభై అయిదేళ్లకే అమ్మీ మేడ మెట్లెక్కుతూ మూడు చోట్ల ఆగేది. నాకిప్పుడు నలభై మూడు. షుగర్ ఇంకా ఇంట్లోకి రాలేదు గానీ గడప దగ్గరే ఉందని డాక్టరమ్మ చెప్పింది. అందుకే సల్వార్ కమీజ్ మీదే బూట్లు వేసుకుని నెక్లెస్ రోడ్డుకి బయల్దేరా. "ఈ ఉమర్‌ల దౌడ్ ఏందే?" అంది ఖాలా. నవ్వి ఊరుకున్నా.

1996లో జోష్ క్లార్క్ అనే అతను వాళ్లమ్మ కోసం ఒక పద్ధతి రాశాడు. కౌచ్ టు ఫైవ్ కె అంటారు. వారానికి మూడు రోజులు, మొత్తం 9 వారాలు. మొదటి వారం 5 నిమిషాలు చురుగ్గా నడిచి, తర్వాత 60 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడక. ఇలా మార్చి మార్చి 20 నిమిషాలు. అంతే. బిడ్డ అమ్మీ కోసం రాసిందని తెలిశాక నాకు భరోసా కలిగింది.

రఫ్తార్ ఎంత ఉండాలి? దానికి గడియారం జరూరత్ లేదు. పరుగెడుతూ ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే సరిగ్గా ఉన్నట్టు. మాటలు ముక్కలవుతుంటే తగ్గించాలి. నా పక్కన మా బేటీ ఉంటుంది, మాటలకు కొదవ లేదు. ఒకరోజు, "అమ్మీ, ఆ తాత నడుస్తూనే మనల్ని దాటేశాడు!" అని షరమ్ పడింది. "దాటనీ బేటా, ఆయన దారి ఆయనది" అన్నా, పూర్తి వాక్యంలోనే.

ఇందులో పెద్ద హిక్మత్ ఉంది. ఊపిరి కొన్ని వారాల్లోనే అలవాటు పడుతుంది. కండరాన్ని ఎముకకి కట్టే నరాలు, ఎముకలు గట్టిపడటానికి నెలలు పడుతుంది. దిల్ 'ఇంకా' అన్నప్పుడు మోకాలి మాట వినాలి. మధ్యలో ఆరామ్ రోజులు అందుకే. ఎండాకాలంలో ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు పోతుంది. అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. కాబట్టి ఏప్రిల్‌లో ఇంకా ఆహిస్తా.

ఐదో వారం మూడో రోజు నడక లేకుండా ఏకంగా 20 నిమిషాలు పరుగెత్తాలి. దానికి ముందు నేను నాలుగో వారంలోనే మూడు వారాలున్నా. 9 వారాలన్నది ఒక అందాజా, ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు. ఆపాలూ, షుగర్ మందులు వాడేవాళ్లు, ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నవాళ్లు మాత్రం ముందు డాక్టర్‌ని అడగండి.

నిన్న ఆ 20 నిమిషాలు పూర్తయ్యాయి. ఎంత దూరమో కొలవలేదు. డిగ్రీకి హాస్టల్‌కి పోతానని బేటీ, ఇంట్లోంచే పొమ్మని నేను, చివరి నిమిషం దాకా బహస్ చేస్తూనే ఉన్నాం. ఫైసలా కాలేదు. ఎల్లుండి మళ్లీ పరుగుంది.