ఉప్పు తిన్న కారు

డెట్రాయిట్ నగరం కింద, వెయ్యి అడుగులకు పైగా లోతున, ఒక ఉప్పు గని ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తవ్వకం మొదలుపెట్టిన గని. పైన కొందరు కార్లు తయారుచేస్తుంటే, కింద కొందరు ఉప్పు తవ్వుతూ వచ్చారు. చలికాలం వచ్చేసరికి కారూ ఉప్పూ రోడ్డు మీద కలుసుకుంటాయి. మంచు గడ్డకట్టకుండా మిషిగన్ అంతటా రోడ్ల మీద చల్లే ఉప్పు నీళ్లలో కరిగి, చక్రాల వెంట చిమ్మి, కారు అడుగుభాగానికి పట్టేస్తుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. కింద ఇనుము పొరలు పొరలుగా రాలుతుంటుంది. ఇక్కడ పాత కారు కొనేవాళ్లలో తెలిసినవాళ్లు ముందు సీట్లు చూడరు, మోకాళ్ల మీద కూచుని కింద టార్చిలైటు వేస్తారు. ఆరిజోనాలోనో టెక్సస్‌లోనో తిరిగిన బండి అయితే ఆ మాట ప్రకటనలోనే గొప్పగా చెప్పుకుంటారు.

మాది ఇక్కడి ఉప్పే తిన్న బండి. పదేళ్లు దాటింది. ఇంజను గురించి ఒక్క ఫిర్యాదు లేదు. పిల్లల సైకిళ్లు కెన్సింగ్టన్ మెట్రోపార్కుకు తీసుకెళ్లడానికి వెనక ర్యాకు కావాలనుకున్నాం. ర్యాకు తగిలించాలంటే బంపరు కింద ఫ్రేముకు హిచ్ అనే ఇనుప దూలం బిగించాలి. మా బండిలో హిచ్ బోల్టులు వెళ్లే చోటికి మఫ్లర్, అంటే మన దగ్గరి సైలెన్సర్, అడ్డం. అందుకని ఒక షాపువాళ్లు మఫ్లర్‌ను దించి, హిచ్ బిగించి, మఫ్లర్‌ను మళ్లీ ఎక్కించారు. పని సాయంత్రానికల్లా అయిపోయింది. మర్నాడు పొద్దున స్టార్టు చేస్తే వెనక నుంచి ఫట్‌ఫట్‌మని చప్పుడు. ఇంజను వేడెక్కాక కాస్త తగ్గినట్టు ఉండేది గానీ, యాక్సిలరేటర్ నొక్కితే మళ్లీ మొదలు. నేను రెండు రోజులు దాన్ని పట్టించుకోకుండా ఉండేవాణ్నేమో. "ఏవండీ, వెనక సీట్లో కూచుంటే పొగ వాసన వస్తోంది" అని మా ఆవిడ అన్నాక ఆ అవకాశం లేకపోయింది.

కారును మళ్లీ తీసుకెళ్తే షాపువాళ్లు లిఫ్టు మీద ఎత్తి, మఫ్లర్ అడుగున తుప్పునీళ్లు కారుతున్న చిన్న రంధ్రం చూపించారు. "తుప్పు తినేసింది. మా పనికీ దీనికీ సంబంధం లేదు. పైపుతో సహా మొత్తం మార్చాల్సిందే" అన్నారు. అంచనా ఎనిమిది వందల డాలర్లు దాటింది. క్యాంటన్‌లో ఉండే గుంటూరు తమ్ముడికి ఫోన్ చేస్తే, "ఈ బండికి అంత పెట్టడం దండగ అన్నా. ఇచ్చేసి లీజుకు కొత్తది తీసుకో" అని తేల్చేశాడు. అతను ఒక కార్ల కంపెనీకే బ్రేకుల సాఫ్ట్‌వేర్ రాస్తాడు. నోవై, క్యాంటన్, ట్రాయ్ ఊళ్లలో మనవాళ్లు చాలామంది కార్ల మీదే బతుకుతున్నాం. బ్యాటరీ లెక్కలు వేసేవాళ్లు, ఇంజను కంట్రోలరుకు కోడు రాసేవాళ్లు, సప్లయరు కంపెనీల్లో టెస్టింగు చూసేవాళ్లు. వీళ్లలో కారు కింద వీపు ఆనించి పడుకున్నవాళ్లు ఎంతమంది అంటే మాత్రం పెద్దగా లేరు. ఆక్సిజన్ సెన్సర్ ఇచ్చే వోల్టేజీని గ్రాఫులో చూస్తే లోపం ఎక్కడో నేనూ చెప్పగలను. ఆ సెన్సర్‌ను విప్పడానికి ఏ సైజు రెంచి కావాలో అడిగితే మాత్రం నన్ను వదిలేయండి.

మా పక్కింటి పెద్దాయన కార్ల ఫ్యాక్టరీలో జీవితమంతా పనిచేసి రిటైరయ్యాడు. డ్రైవ్‌వేలో చప్పుడు విని తనే వచ్చాడు. షాపువాళ్లు చూపించిన రంధ్రం నేను చూపించగానే నవ్వాడు. "ఇది చిల్లు పడ్డది కాదు, కంపెనీ పెట్టిందే. లోపల నీళ్లు నిలవకుండా" అన్నాడు. పరీక్షగా చూస్తే అంచులు గుండ్రంగా, నున్నగా ఉన్నాయి. తుప్పు తినే పద్ధతి అలా ఉండదు.

నీళ్లు ఎక్కడివి అంటే పెట్రోలులోవే. పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీటి ఆవిరి అవుతుంది. ఒక గాలన్ పెట్రోలు కాలితే సుమారుగా ఒక గాలన్ నీళ్లు పుడతాయి. ఇంజను వేడిగా ఉంటే అవి ఆవిరిగా బయటికి పోతాయి. బడికి పోయిరావడం, ఇండియన్ కొట్టుకు పోయిరావడం, ఇలా పదేసి నిమిషాల ప్రయాణాలతో గడిపే బండిలో మఫ్లర్ పూర్తిగా వేడెక్కదు. ఆవిరి అక్కడే నీరై నిలిచి, లోపలి నుంచి ఇనుమును తింటుంది. బయట ఉప్పు, లోపల నీరు. ఎక్కువ తిరిగే బండి కన్నా తక్కువ తిరిగే బండికే మఫ్లర్ ముందు పోవడం అందుకే. ఆ చిన్న రంధ్రం ఆ నీళ్లకు దారి. దాన్ని లీకు అనుకుని మూసేసేవాళ్లు కూడా ఉన్నారని పెద్దాయన చెప్పాడు.

మఫ్లర్ డబ్బా లోపల చిల్లుల గొట్టాలూ, గదులూ ఉంటాయి. ఇంజను నుంచి వచ్చే పీడన తరంగాలు గోడలకు కొట్టుకుని వెనక్కి తిరిగి, ఎదురొచ్చే తరంగాలను చాలావరకు రద్దు చేస్తాయి. ఇండియానాలోని కొలంబస్ ఊరికి చెందిన రీవ్స్ సోదరులు 1897లో దీనికి పేటెంటు తీసుకున్నారు. ఆ తర్వాత సూత్రం పెద్దగా మారలేదు. అయితే ఆ డబ్బాకు చేరకముందే పొగ బయటపడితే అది చేసేదేం లేదు. మఫ్లర్ ఎక్కించాక చప్పుడు వచ్చిందంటే అనుమానించాల్సింది మఫ్లర్‌ను కాదు, విప్పి బిగించిన అతుకును.

లీకును చెవితో పట్టుకోవడం కష్టం. పైపు పొడుగునా చప్పుడు ప్రయాణం చేస్తుంది, ముందు పుట్టింది వెనక వినిపిస్తుంది. పెద్దాయన పద్ధతి వేరు. రాత్రంతా చల్లారిన ఇంజనును పొద్దున్నే స్టార్టు చేయించాడు. అక్టోబరు చివరి చలి. కారు తోకగొట్టం నుంచి ఎలాగూ తెల్లటి ఆవిరి వస్తుంది. అతుకు దగ్గర కూడా చిన్న చిన్న తెల్లటి ఊపిర్లు వస్తే లీకు కళ్లకే కనబడుతుంది. మందపాటి గుడ్డతో తోకగొట్టాన్ని ఒక్క క్షణం అదిమితే లోపల ఒత్తిడి పెరిగి అక్కడ బుసకొడుతుంది. ఇంజను ఆపాక ఆ చోట వేలితో రాస్తే పొడి మసి అంటుకుంటుంది. ఇంజను నడపకుండా చూడాలంటే షాప్ వాక్యూమును గాలి ఊదేలా తిప్పి తోకగొట్టంలో పెట్టి, అతుకుల మీద సబ్బునీళ్లు చల్లాలి. బుడగలు ఎక్కడ లేస్తే అక్కడే. మాకు బుడగలు లేచింది వెనక ఇరుసుకు కాస్త ముందు, మధ్య పైపూ మఫ్లర్ పైపూ కలిసే చోట. అదీ ఒక పక్కే. ఒక పక్కే అన్నది అప్పుడు నాకు విశేషంగా అనిపించలేదు. ఆయనకు అనిపించింది.

ఈ పనులన్నీ బయట, డ్రైవ్‌వేలో చేశాం. ఇక్కడి ఇళ్లకు గరాజు ఇంట్లోనే ఒక గది. చలికాలం కదా అని తలుపు వేసుకుని, లేదా సగం ఎత్తి, ఇంజను నడిపినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మా ఆవిడకు వచ్చిన వాసన పొగలోని ఇతర వాయువులది, అది వచ్చింది కాబట్టి బతికాం. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువు పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మత్తు. జలుబు చేసిందేమో అనుకుంటారు. కారు వేగంగా పోతున్నప్పుడు దాని వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది, అందువల్ల కింద కారిన పొగ డిక్కీ సందుల్లోంచి, ఎప్పుడో ఊడిపోయిన రబ్బరు బిరడాల చోట్లనుంచి లోపలికి వస్తుంది. లీకు మఫ్లర్ దగ్గరే కదా, ఇంజనుకు దూరం కదా అని ఊరుకోకూడదన్నది ఇందుకే. మైలేజీ పడిపోయేది ముందువైపు, ఆక్సిజన్ సెన్సరుకు ముందు లీకయితేనే. ఊపిరికి అలాంటి తేడా లేదు. విజయవాడలో ప్రతి బండికీ పొల్యూషన్ సర్టిఫికెట్ అడుగుతారు. కార్ల తయారీకి పేరుపడ్డ మిషిగన్‌లో సొంత కారుకు ఏటా తనిఖీ అన్నదే లేదు. మఫ్లర్ సరిగా ఉండాలని చట్టం ఉంది గానీ, పోలీసు ఆపితేనే ఆ చట్టం గుర్తొచ్చేది.

బుడగలు లేచిన ఆ అతుకులో ఉండేది డోనట్ గాస్కెట్. గారెలా నడుమ బొక్క ఉన్న వలయం, ఇనుప తీగల అల్లికా గ్రాఫైటూ కలిపి ఒత్తింది. ముందు చక్రాలతో నడిచే బండ్లలో ఇంజను అడ్డంగా ఉంటుంది. యాక్సిలరేటర్ నొక్కినప్పుడల్లా ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఆ ఊపు పైపుకు వస్తుంది. అతుకు బిగుసుకుపోయి ఉంటే పైపు పగులుతుంది. అందుకని రెండు బోల్టులకు స్ప్రింగులు పెట్టి, గాస్కెట్ మీద పైపు కాస్త కదిలే వీలిచ్చారు. కొన్నేళ్లకు గాస్కెట్ తను కూచున్న చోటి ఆకారానికి నలిగిపోతుంది. విప్పి అదే గాస్కెట్ మళ్లీ వేస్తే పాత కోణంలో కూచోదు. షాపువాళ్లు వేసింది పాతదే. పైన ఎర్రటి ఎగ్జాస్ట్ సీలెంట్ పూశారు. కదిలే అతుకు మీద పూత నిలవదు, పగిలి రాలిపోతుంది. అదే జరిగింది.

ఒక పక్కే ఎందుకు కారుతోందన్నదానికి సమాధానం ఇంకా వెనక దొరికింది. మఫ్లర్ రబ్బరు హ్యాంగర్ల మీద వేలాడుతుంది. హిచ్ పక్కనున్న హ్యాంగరులోకి ఇనుప కమ్మీ పూర్తిగా దూర్చలేదు. మఫ్లర్ బరువంతా ఒక వైపుకు లాగి, అతుకు ఒక పక్క నోరు తెరిచింది. లిఫ్టు మీద రెండు నిమిషాలు నిలబడి చూసే ఓపిక ఉంటే ఎనిమిది వందల డాలర్ల అంచనా రాసే అవసరం ఉండేది కాదు. కానీ ఇక్కడ గంటకు వంద డాలర్లకు మించి కూలి. వెతకడం కన్నా మార్చడమే షాపుకు లాభం. వాళ్లను పూర్తిగా తప్పుపట్టలేను, అలాగని ఆ అంచనా కాగితాన్ని క్షమించనూ లేను.

విజయవాడ ఆటోనగర్‌లో చిన్నప్పుడు గాస్కెట్ కొనడం నేను చూడలేదు, కోయడం చూశాను. పైపు అంచున ఉండే ఫ్లాంజి మీద షీటు పరిచి, చిన్న సుత్తితో అంచు వెంట తట్టుకుంటూ పోతే ఆకారం దానంతటదే తెగి వచ్చేది. సైలెన్సర్ పగిలితే గ్యాస్ వెల్డింగు, అతుకు వదులైతే ఆస్బెస్టాస్ తాడు చుట్టడం. కొత్త సామాను అన్నది అన్నీ అయిపోయాక వచ్చే మాట. ఆ షీటూ, ఆ తాడూ రేపిన దుమ్ము ఆ కుర్రాళ్ల ఊపిరితిత్తులకు ఏం చేసిందో ఎవరూ చూడలేదు కాబట్టి, ఆ రోజులే బాగుండేవని నేననను. వాళ్లను "ఒరేయ్" అని పిలిచే పెద్దమనుషుల్లో మా ఇంటివాళ్లూ ఉన్నారు. ఆ కుర్రాళ్లలో ఒకడు చెవి పెట్టి వింటే చాలు, ఫలానా అతుకని చెప్పేవాడు. ఆ చెవికి మేం ఇచ్చింది టీ డబ్బులు. ఇక్కడ అదే నైపుణ్యానికి గంట లెక్కన బిల్లు కట్టలేక నేనే కింద పడుకోవాల్సొచ్చింది. మిషిగన్‌లో తెలిసొచ్చిన ఆటోనగర్ ధర ఇది.

బిగించడం కన్నా విప్పడం కష్టమైంది. కారును ర్యాంపుల మీద ఎక్కించి, చక్రాలకు చెక్కలు పెట్టి, స్టాండ్లు కూడా పెట్టాం. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి ఎవరైనా సరే దూరకూడదని పెద్దాయన ముందే షరతు పెట్టాడు. బోల్టుల మీద ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే నూనె కొట్టాం. పొద్దున మొదట కొద్దిగా బిగించి, ఆ తర్వాత వదులు చేయమన్నాడు. అలా చేస్తే తుప్పు పట్టు వదులుతుందట. ఒకటి వచ్చింది. రెండోదాని తల ఊడిపోయింది. మంట పెట్టి వేడి చేద్దామా అన్నాను. "పెట్రోలు ట్యాంకు ఎక్కడుందో చూశావా?" అన్నాడు. చూశాను, జానెడు దూరంలోనే ఉంది. గ్రైండరు నిప్పురవ్వలు కూడా వద్దనుకుని, నెమ్మదిగా తిరిగే డ్రిల్లుతో నూనె వేసుకుంటూ తొలిచాం. ఆ రంధ్రంలోంచి పొడుగాటి బోల్టు, స్ప్రింగు, లాక్ నట్టు. ఫ్లాంజి ముఖాన్ని వైరు బ్రష్షుతో మెరిసేదాకా తోమాం, కొత్త గాస్కెట్‌కు కింద పాత మసి అట్ట ఉంటే అది మళ్లీ వంకరగానే కూచుంటుంది. హ్యాంగర్లకు సబ్బునీళ్లు రాసి కమ్మీలను పూర్తిగా దూర్చాం. బరువు హ్యాంగర్ల మీదికి వచ్చాకే బోల్టులు చేత్తో పట్టించి, పైపు హిచ్‌కు తగలకుండా సర్ది, చెరో పక్కా మార్చి మార్చి బిగించాం. కారుతో వచ్చిన రకం బోల్టుకు మెడ దగ్గర ఒక మెట్టు ఉంటుంది. అది ఫ్లాంజికి ఆనగానే ఆపాలి. మేం పెట్టిన బోల్టుకు ఆ మెట్టు లేదు కాబట్టి స్ప్రింగు పొడవు పక్కదానితో సమానంగా వచ్చేదాకా. స్ప్రింగు పూర్తిగా నలిగేలా బిగిస్తే అతుకు కదలదు, అప్పుడు దాని ప్రయోజనమే పోతుంది.

గాస్కెట్, బోల్టులు, స్ప్రింగులు కలిపి ముప్పై డాలర్లు కాలేదు. సబ్బునీళ్లు మళ్లీ చల్లితే అతుకు దగ్గర ఒక్క బుడగ లేదు. మఫ్లర్ అడుగున ఉన్న చిన్న రంధ్రం దగ్గర మాత్రం లేచాయి, లేవాలి కూడా. కొన్ని సార్లు వేడెక్కి చల్లారాక బోల్టులు మళ్లీ ఒకసారి చూశాను. షాపుకు వెళ్లి వాదించలేదు. వెళ్లాల్సిందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఆవిడ మాటే సరైనదేమో.

చప్పుడు పోయాక ఇంతకాలం దాని కింద దాగిన ఇంకో చప్పుడు బయటపడింది. నలభై మైళ్ల వేగం దగ్గర కాళ్ల కింద గలగలమంటోంది. క్యాటలిటిక్ కన్వర్టర్ మీది రేకు, దాని బోల్టు చోటును ఉప్పు తినేసింది. వెల్డింగేమీ అక్కర్లేదు, పెద్ద సైజు హోస్ క్లాంప్ ఒకటి చుట్టి బిగిస్తే చాలంటాడు పెద్దాయన. శనివారం ఎండ కాస్తే చూడాలి.