అమ్మమ్మ గేరు

సైకిలుకి ఎన్ని గేర్లు ఉన్నాయని అడిగేవారే గాని, ఏ గేర్లు ఉన్నాయని అడిగేవారు తక్కువ. దుకాణంలో "ఇరవై నాలుగు గేర్లు సార్" అనగానే మనం తృప్తిగా తల ఊపేస్తాం. ఆ ఇరవై నాలుగులో కొండ ఎక్కేటప్పుడు మనకు అక్కరకు వచ్చేది ఉందా, లేదా అన్నది ఎవరూ అడగరు.

నేనొక సైకిలుని నా కొలతలకు తగ్గట్టు కూర్పించుకుంటున్నాను. ఉక్కు గొట్టాలతో ఫ్రేము, దానికి నచ్చిన చక్రాలు, నచ్చిన హ్యాండిలు. దర్జీ దగ్గర చొక్కా కుట్టించుకున్నట్టే ఇది కూడా. మిగతావన్నీ వారం రోజుల్లో తేలిపోయాయి. క్రాంకులు, పళ్ళ చక్రాలు ఎంచుకోవడానికి మాత్రం రెండు నెలలు పట్టింది. మన కోయంబత్తూరులోనే కాదు, బెంగుళూరులోనూ, పూనాలోనూ ఉన్న మన కుటుంబాల్లో పిల్లలతో పాటు పెద్దలు కూడా ఇప్పుడు ఇలాంటి సైకిళ్ళు కొంటున్నారు. వాళ్ళకి ఈ లెక్క పనికొస్తుందని రాస్తున్నాను.

ముందుగా మాటలు తేల్చుకుందాం. పెడలుని మధ్య ఇరుసుకి కలిపే కడ్డీ క్రాంకు. కుడివైపు క్రాంకుకి అంటుకుని ఉండేది ముందు పళ్ళ చక్రం. రోడ్డు సైకిళ్ళకి సాధారణంగా రెండుంటాయి, పెద్దది, చిన్నది. వెనక చక్రం ఇరుసు మీద దొంతరగా ఉండే పళ్ళ చక్రాల గుత్తిని క్యాసెట్ అంటారు. ముందు పళ్ళని వెనక పళ్ళతో భాగిస్తే, పెడలు ఒక చుట్టు తిరిగినప్పుడు వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలుస్తుంది. ఇంతకు మించి ఇందులో పెద్ద శాస్త్రమేమీ లేదు. కామర్స్ చదివినవాడికి ఈ భాగహారం చాలు.

మా నాన్నగారి నల్ల సైకిలు ఇప్పటికీ మా పెరట్లో ఉంది. ముందు 44 పళ్ళు, వెనక 18. భాగిస్తే సుమారు 2.4. అంటే పెడలు ఒకసారి తిప్పితే బండి దాదాపు ఐదున్నర మీటర్లు ముందుకి పోతుంది. ఊళ్ళో చదును రోడ్డు మీద ఆ ఒక్క గేరుతో ఆయన జీవితమంతా గడిపేశారు. ఎక్కుడు వస్తే దిగి నడిపించేవారు. దిగడం ఆయనకి నామోషీ కాదు.

మనకి దగ్గరలోని కొండ అంటే కూనూరు. మేట్టుపాళయం నుంచి కల్లారు దాకా రోడ్డు దాదాపు చదునుగానే ఉంటుంది. అక్కడినుంచి ఘాటు మొదలవుతుంది. మొత్తం ఎత్తుని మొత్తం దూరంతో భాగిస్తే వచ్చే సగటు వాలు నూటికి నాలుగున్నర లోపే అనిపిస్తుంది. ఆ సగటుని నమ్మితే మోసపోతాం. మొదటి చదును భాగం కూడా అందులో కలిసి ఉంది గదా. పైగా వంపు తిరిగేచోట లోపలి అంచున వాలు ఇంకా ఎక్కువ. సగటు లోతు మూడడుగులని ఏట్లో దిగినవాడు మునిగిపోవడానికి ఆస్కారం ఉంది.

ఈ కొండకి ఒక మంచి కొలబద్ద మన నీలగిరి రైలే. మేట్టుపాళయం నుంచి కూనూరు దాకా 1899లో మొదలైన ఈ రైలు, కల్లారు దాటాక పన్నెండున్నర అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి ఎక్కుతుంది. అంటే నూటికి ఎనిమిది. అంత వాలు మీద మామూలు పట్టాల మీద చక్రం జారిపోతుంది గనుక, మధ్యలో పళ్ళ పట్టా వేసి, ఇంజనుకి పళ్ళ చక్రం పెట్టారు. ఊటీ దాకా 46 కిలోమీటర్లు ఎక్కడానికి దాదాపు ఐదు గంటలు తీసుకుంటుంది. ఆవిరి ఇంజనుకే అంత నిదానం తప్పనప్పుడు నాకు తొందరెందుకు?

ఇప్పుడు నా లెక్క. నేను 72 కిలోలు. సైకిలు, నీళ్ళ సీసాలు, పనిముట్లు కలిపి మరో 13. మొత్తం 85. నా ఈడువాడు ఆగకుండా గంటసేపు ఇవ్వగల శక్తి 150, 160 వాట్లు అనుకుందాం. నూటికి ఎనిమిది వాలు మీద ఆ శక్తితో వచ్చే వేగం గంటకి 8 కిలోమీటర్లు మాత్రమే. దీన్ని ఏ గేరూ పెంచలేదు. గేరు చేయగలిగిందల్లా ఆ 8 కిలోమీటర్లకి కాలు ఎన్నిసార్లు తిరగాలో నిర్ణయించడమే.

1990లలో పందెపు సైకిళ్ళకి ముందు 53, 39 పళ్ళు ఉండటం రివాజు. 39కి వెనక 25 పెడితే, ఆ వేగంలో కాలు నిమిషానికి 40 చుట్లే తిరుగుతుంది. తిరగడం తగ్గేకొద్దీ ప్రతి తొక్కులో బలం పెరగాలి. ఆ బలం పడేది మోకాలి చిప్ప మీద. 2000 తర్వాత వాడుకలోకి వచ్చిన 50, 34 క్రాంకుతో, వెనక 34 పెడితే నిమిషానికి 63 చుట్లు తిరుగుతుంది. ఈమధ్య మట్టిరోడ్ల సైకిళ్ళ కోసం వచ్చిన 46, 30 క్రాంకుతో అదే 34 పెడితే 72. మనిషి అదే, కొండ అదే, వేగం అదే. మోకాలి మీద పడే బరువు మాత్రం దాదాపు సగానికి తగ్గింది.

లెక్క ఇంత తేటగా ఉంటే రెండు నెలలెందుకు పట్టిందంటారా? లెక్క తేలినా మనసు తేలలేదు. మా అక్కయ్య కొడుకు సైకిలు పందాల్లో పాల్గొంటాడు. నా కాగితం చూసి, "మామయ్యా, 52, 36 పెట్టుకో. ముందు 30 పళ్ళంటే నలుగురూ నవ్వుతారు. అది గ్రానీ గేరు" అన్నాడు. ఇంగ్లీషు వాళ్ళు అన్నిటికన్నా తేలికైన గేరుకి పెట్టిన వెక్కిరింపు పేరది. అంటే అమ్మమ్మ గేరు.

ఈ వెక్కిరింపు కొత్తది కాదు. ఫ్రాన్సు సైకిలు పందెం టూర్ ద ఫ్రాన్స్‌ని 1903లో మొదలుపెట్టిన ఆన్రీ దెగ్రాంజ్, అంతకు ముందు ఏడాదే గేర్లు మార్చుకునే ఏర్పాటు నలభై అయిదేళ్ళు దాటినవారికే తగినదని రాశాడు. ఆ పందెంలో మహా మహా వీరులు కూడా కొండ కింద దిగి, వెనక చక్రం ఊడదీసి, రెండోవైపున్న పళ్ళ చక్రానికి గొలుసు తగిలించుకుని ఎక్కేవారు. గొలుసుని ఒక పళ్ళ చక్రం నుంచి మరోదానికి జరిపే డిరెయిలర్‌ని అక్కడ అనుమతించింది 1937లో. ఇప్పుడు అది లేకుండా ఆ పందెంలో ఎవరూ కనిపించరు. ఏమైనా నేను నలభై అయిదు దాటి చాలా కాలమైంది కాబట్టి, ఆయన లెక్క ప్రకారం చూసినా నాకు అనుమతి ఉన్నట్టే.

అమ్మమ్మ పేరు వెక్కిరింపు ఎలా అయిందో నాకు అర్థం కాలేదు. మన ఇళ్ళలో అమ్మమ్మలు పోపుల పెట్టెలో జీలకర్ర కింద నాలుగు రూపాయలు దాచేవారు. రోజూ వండే బియ్యంలోంచి పిడికెడు తీసి వేరే కుండలో పోసేవారు. ఆ కుండ సంగతి మంచి రోజుల్లో ఎవరికీ గుర్తుండేది కాదు. నెలాఖరున చుట్టాలు దిగినప్పుడు అదే పరువు కాపాడేది. బ్యాంకులో మేము చేసేదీ అదే. చిన్న వ్యాపారికి అప్పు మంజూరు చేసేటప్పుడు దీపావళి నెల అమ్మకాలు చూసి వాయిదా నిర్ణయించం. బేరాలు లేని ఆషాఢంలో కూడా కట్టగలడా అని చూస్తాం. గేరుని కూడా చల్లని ఉదయం చదును రోడ్డు మీద ఉన్న ఉత్సాహంతో కాక, ఎండ ఎక్కాక, నీళ్ళు అయిపోయాక, చివరి రెండు కిలోమీటర్లలో ఉండే కాళ్ళని బట్టి ఎంచుకోవాలి.

నాతో పనిచేసిన ఒక మిత్రుడు మూడేళ్ళ కిందట ఖరీదైన సైకిలు కొన్నాడు. ముందు 52, 36. వెనక అన్నిటికన్నా పెద్దది 28. ఘాటు రెండుసార్లు ఎక్కాడు. రెండోసారి మోకాలు వాచింది. డాక్టరు సైకిలు మానమనలేదు, బలంగా తొక్కడం మానమన్నాడు. ఆ సైకిలు మీద కొండ ఎక్కాలంటే బలంగా తొక్కక తప్పదు. ఇప్పుడది వాళ్ళ వసారాలో ఉంది, దాని హ్యాండిలు మీద తువ్వాళ్ళు ఆరేస్తారు. నాకూ మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు ఉండి ఉండి తన ఉనికి తెలియజేస్తూ ఉంటుంది. ఉద్యోగం ముగిశాక పదిహేనేళ్ళయినా సైకిలు తొక్కాలని నా కోరిక. అంచేత ఇది నాకు వేళాకోళం విషయం కాదు.

ఇక క్రాంకు పొడవు. రోడ్డు సైకిళ్ళకి ఎక్కువగా దొరికేవి 165, 170, 172.5, 175 మిల్లీమీటర్లు. పొడుగు క్రాంకుతో బలం ఎక్కువ వస్తుందని పాత నమ్మకం. 2001లో మార్టిన్, స్పిర్డ్యూసో అనే పరిశోధకులు 120 నుంచి 220 మిల్లీమీటర్ల దాకా రకరకాల క్రాంకులతో పరీక్షించి చూస్తే, గరిష్ఠ శక్తిలో తేడా నూటికి నాలుగు ప్రాంతంలోనే తేలింది. 165కీ 170కీ మధ్య తేడా ఎంతుంటుందో మీరే ఊహించండి. పందెపు వీరుడు పోగచార్ కూడా 2024లో 165కి మారాడు. నా ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. నేను 165 తీసుకున్నాను. 170 నుంచి 165కి వస్తే, సీటు ఐదు మిల్లీమీటర్లు పైకి లేపుకోవచ్చు. పెడలు పైకి వచ్చినప్పుడు మరో ఐదు తక్కువ లేస్తుంది. మొత్తం ఒక సెంటీమీటరు మేర మోకాలు తక్కువ ముడుచుకుంటుంది. ముడుపు తగ్గితే నొప్పి తగ్గుతుందని మెట్లెక్కే ప్రతివారికీ తెలుసు. కడ్డీ పొట్టిదైతే తొక్కు కొంచెం బరువవుతుంది, నూటికి మూడు వంతులు. దాన్ని 30 పళ్ళ చక్రం సరిచేస్తుంది. అందుకే క్రాంకునీ పళ్ళనీ కలిపి ఎంచుకోవాలంటాను.

మరి పల్లంలో, చదునులో నష్టపోమా అని అడగవచ్చు. 46కి వెనక 11 పెట్టి నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటకి 47 కిలోమీటర్ల వేగం వస్తుంది. కూనూరు దిగేటప్పుడు నా చేతులు బ్రేకుల మీదే ఉంటాయి, కాళ్ళకి పని ఉండదు. చదునులో నా వేగం 25. పాలక్కాడు కనుమ గాలి ఎదురైన రోజున అదీ ఉండదు. 46 పళ్ళతో ఆ వేగానికి గొలుసు క్యాసెట్ నడుమ, 19 పళ్ళ ప్రాంతంలో, వంకర లేకుండా నడుస్తుంది. గొలుసు ఎక్కువ కాలం మన్నుతుంది కూడా. ఒక్క ఇబ్బంది ఉంది: 11 నుంచి 34 దాకా విస్తరించిన క్యాసెట్‌లో పెద్ద పళ్ళ దగ్గర ఒక్కో మెట్టుకీ ఎడం ఎక్కువ. 24 తర్వాత 27, తర్వాత 30, తర్వాత 34. కొండ మీద నాకది పెద్ద లోటు కాదు.

కొనేముందు మెకానిక్కుతో రెండు సంగతులు తేల్చుకోవాలి. మొదటిది, వెనక డిరెయిలర్ ఎంత గొలుసు వదులుని లాగి పట్టగలదు అన్నది. ముందు పళ్ళ తేడా, వెనక పళ్ళ తేడా కూడాలి: 46లో 30 పోతే 16, 34లో 11 పోతే 23, మొత్తం 39. డిరెయిలర్ సామర్థ్యం అంతకు తగ్గకూడదు. అది మోయగల పెద్ద పళ్ళ చక్రం 34కి తగ్గకూడదు. రెండోది, మట్టిరోడ్ల క్రాంకుల్లో పళ్ళ చక్రాలు రోడ్డు క్రాంకుల కన్నా రెండున్నర మిల్లీమీటర్ల దాకా బయటికి జరిగి ఉంటాయి. దానికి తగిన ముందు డిరెయిలరే వేయాలి. 50 పళ్ళ కోసం చేసినది 46కి పెడితే గొలుసు సరిగా మారదు. చిన్నగా కనిపించే ఈ తేడా వల్ల రెండుసార్లు డబ్బు ఖర్చు పెట్టినవాళ్ళున్నారు.

మా మేనల్లుడికి ఈ కాగితమంతా చూపించాను. వాడు చాలాసేపు చదివి, "నీ కాళ్ళకి సరే మామయ్యా, నాకు మాత్రం 52 కావాలి" అన్నాడు. వాడి వయసు ఇరవై మూడు, బరువు 58 కిలోలు. వాడి లెక్కలో వాడిది రైటే. మీ ఇంట్లో ఎవరైనా సైకిలు కొంటుంటే గేర్లు ఎన్ని అని అడగనివ్వకండి. ముందు అన్నిటికన్నా చిన్నదానికి పళ్ళెన్ని, వెనక అన్నిటికన్నా పెద్దదానికి పళ్ళెన్ని అని అడగమనండి. నడివయసు దాటి కొండ ఎక్కదలచినవారు మొదటి అంకె రెండోదానికన్నా తక్కువగా ఉండేట్టు చూసుకోవాలి. నా క్రాంకు పోయినవారం వచ్చింది. ఫ్రేముకి రంగు ఇంకా ఆరలేదు.