కొనేవాని నోట సత్యం



సంఘానికి ఒక పాత కారు కొన్న సంగతి పోయిన ఆదివారం మీకు చెప్పాం. రాత్రివేళ ఆస్పత్రికి పోవలసి వస్తే మన పల్లెలో ఆటో దొరకదు. అందుకే ఈ కారు. నడిపేది మన సంఘపెద్దగారు. ఎడమ మోకాలికి ఆపరేషన్ అయినందున ఆయన క్లచ్ తొక్కలేరు, కాబట్టి ఆటోమేటిక్ బండే కావాలనుకున్నాం. ఏమేమి చూసి కొన్నారో రాయండి అయ్యగారూ అని యౌవనస్థులు అడిగారు. అందులో తల్లులు తెచ్చిన పిడికెడు బియ్యం డబ్బు కూడా ఉంది గనుక లెక్క చెప్పడం మా మీద ఉన్న బాధ్యత.

ఆటోమేటిక్ అని ఒక్క మాట అంటాం గాని అన్నీ ఒకటి కావు. చిన్న కార్లలో ఎక్కువగా కనిపించేది ఏఎంటీ. 2014లో మారుతీ సెలెరియోతో మన దేశంలో ఇది సామాన్యులకు అందింది. అందులో ఉండేది మామూలు గేరు బాక్సు, మామూలు క్లచ్. మన కాలికి బదులు యంత్రం క్లచ్ వేస్తుంది, అంతే. ఎత్తు మీద బ్రేకు పట్టకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెట్టేవారి చేతిలో ఆ క్లచ్ త్వరగా అరిగిపోతుంది. సీవీటీలో గేర్ల మెట్లు ఉండవు. రెండు పుల్లీలు, వాటి మధ్య ఒక ఇనుప బెల్టు ఉంటాయి. టార్క్ కన్వర్టర్ బండిలో ఇంజను బలం నూనె ద్వారా గేరు బాక్సుకు చేరుతుంది. మేము చూసిన రెండు బళ్లూ ఈ రకానివే.

విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న మెకానిక్ భాయ్ ఒకరు మా వెంట వచ్చారు. ఆయన మొదట చెప్పిన మాట, "మనం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని ఫోన్లో చెప్పండి అయ్యగారూ" అని. కొన్ని లోపాలు ఇంజను చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి. కొన్ని బాగా వేడెక్కాకే తెలుస్తాయి. అందుకే చల్లని బండి స్టార్ట్ చేసి, కనీసం అరగంట నడపాలి.

బ్రేకు తొక్కి పట్టి గేరు రాడ్డును పి నుండి ఆర్‌కు, ఆర్ నుండి డికి మార్చి చూడాలి. ఒకటి రెండు సెకన్లలో మెత్తగా గేరు పడాలి. ఆలస్యమైనా, ధడేల్మని తన్నినా అనుమానించాలి. రోడ్డు మీద ఇంజను మోత పెరిగి వేగం పెరగకపోతే గేరు జారుతున్నట్టు. ఎత్తు మీదికి ముందుకూ, రివర్సులోనూ ఎక్కించి చూడాలి. నూనె చూసే పుల్ల ఉన్న బండి అయితే తీసి తెల్ల గుడ్డకు తుడవాలి. మేము చూసిన బళ్లలో పోసే నూనె కొత్తలో ఎర్రగా ఉంటుంది. నల్లబడి మాడిన వాసన వస్తే లోపల క్లచ్ పలకలు కాలుతున్నాయన్నమాట. పుల్ల లేని బళ్లను లిఫ్టు మీదికి ఎత్తి చూడాలి.

మొదటి బండి అమ్మేవారు "ప్రైజ్ ద లార్డ్ అయ్యగారూ" అంటూ ఎదురొచ్చారు. బండి అద్దంలా మెరుస్తోంది. భాయ్ బానెట్ మీద చెయ్యి పెట్టారు, అది అప్పటికే వేడిగా ఉంది. పుల్ల తీస్తే నూనె నల్లగా ఉంది. స్కానర్ పెడితే తప్పుల కోడ్‌లు ఒక్కటీ లేవు గాని, వాటిని చెరిపేశాక బండి నడిచింది 4 కిలోమీటర్లేనని చూపించింది. "దేవుని సేవకులకు అబద్ధం చెబుతానా" అన్నారాయన. నమస్కారం పెట్టి వచ్చేశాం.

రెండో బండి రిటైరైన ఒక మాస్టారిది. తలుపు మీద గీతలున్నాయి, సీటు చిరిగింది. మేము అడగకముందే ఆయనే లోపాలన్నీ చెప్పారు. 60,000 కిలోమీటర్ల దగ్గర గేరు నూనె మార్పించిన బిల్లు చూపించారు. గంటసేపు నడిపినా గేరు బాక్సులో ఏ వంకా కనబడలేదు.

అసలు పరీక్ష అప్పుడు వచ్చింది. బయటికొచ్చాక మనవారిలో ఒకరు మెల్లగా అన్నారు: "బండి బాగుంది. కాని గేరు తంతోందని చెబుదాం అయ్యగారూ. ఇరవై వేలు తగ్గిస్తాడు. దేవుని పనికే కదా." ఇరవై వేలంటే మనకు తక్కువ కాదు. ఆ సహోదరుడు తన కోసం అడగలేదు, సంఘం మీద ప్రేమతోనే అడిగారు. అందుకే ఆ మాట బరువుగా తోచింది.

అమ్మేవాని దొంగ త్రాసు గురించి మనం తరచుగా ప్రసంగిస్తాం. కాని సామెతలు 20వ అధ్యాయం 14వ వచనం కొనేవాని గురించి. సరుకు బాగాలేదని బేరమాడి, తీసుకుని పోయాక గొప్పలు చెప్పుకునే మనిషి అక్కడ కనబడతాడు. ఎద్దుల సంతకు వెళ్లినవారికి అతను కొత్తవాడు కాడు. నచ్చిన ఎద్దుకే వంక పెడతాం. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం కుదిరాక, ఇంటి దగ్గర అదే ఎద్దును పొగుడుతాం. దాన్ని తెలివి అంటాం, పాపమని అనుకోము. మోసపోకుండా ఉండటానికి స్కానర్ పెట్టి చూశాం. మన నోటికి ఏ స్కానర్ పెడతాం?

లోపలికి వెళ్లి మాస్టారితో, "గేరు బాక్సు బాగుందండి. ముందు టైర్లు రెండు అరిగాయి, అవి మార్చాలి" అన్నాం. ఆయన టైర్లు చూసి 6,000 తగ్గించారు. మిగిలిన 14,000 పోయాయని ఎవరైనా బాధపడితే, అవి ఎప్పుడూ మనవి కావని చెప్పండి.

బండి నడిపేవారికి కొన్ని జాగ్రత్తలు. పూర్తిగా ఆగాకే ఆర్‌లోకి మార్చండి. ఎత్తుపల్లాల్లో ఆపితే ముందు హ్యాండ్ బ్రేకు వేసి, తర్వాత పి పెట్టండి. "ఈ నూనె జీవితాంతం మార్చక్కరలేదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. గేరు బాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీయే తన వాటికి 80,000 నుండి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. కంపెనీ చెప్పిన రకం నూనె తప్ప వేరేది పోయకండి. ఒకసారి దింపితే పాత నూనె చాలావరకు లోపలే ఉండిపోతుంది గనుక కొంత నడిపి మళ్లీ మార్చాలి. బండి ఆగిపోతే తాడు కట్టి లాగించవద్దు. ఇంజను తిరగకపోతే నూనె పంపు తిరగదు, లోపలి పళ్లు ఎండిపోయి అరుగుతాయి. చక్రాలు నేలకు తగలకుండా లారీ మీదికి ఎక్కించి తీసుకురావాలి.

బిల్లులన్నీ కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత బండి దగ్గర ప్రార్థన చేసుకుందాం. ఈ వారం పత్తి అమ్మేవారు, గేదెలు కొనేవారు మనలో ఉన్నారు. మీ బేరంలో ప్రభువు మీ నోటికి కావలి ఉండును గాక. ఆమేన్.