కైరో నుదుళ్ళు

కైరో అనగానే మనవారికి పిరమిడ్లే జ్ఞాపకం వస్తాయి. శలవులలో లండన్ నుండి వెళ్ళిన మేమూ వాటిని చూశాము. కాని వాటి వర్ణన అందరూ ఎరిగినదే. మమ్మల్ని ఎక్కువగా ఆకర్షించినవి ఆ ఊరివారి నుదుళ్ళు.

ఖాన్ ఎల్ ఖలీలీ బజారులో దుకాణదారులు మొదలు టాక్సీ నడిపేవారి వరకు ఎందరికో నుదుటి నడుమ నల్లగా కాయకాచిన మచ్చ కనిపిస్తుంది. దానిని 'జబీబా' అంటారు, అనగా ఎండుద్రాక్ష. ఐదు పూటల నమాజులో విధిగా చేయవలసిన రకాతులు 17. ఒక్కొక్క రకాతులో రెండుసార్లు నుదురు నేలకు ఆనించాలి. అంటే రోజుకు 34 సజ్దాలు. ఏళ్ళ తరబడి చాపకో, తివాచీకో రాసుకుని చర్మం గట్టిపడుతుంది. అయితే నమాజు చేసే వారందరికీ ఈ మచ్చ రాదు.

బజారుకు దగ్గరలోనే 970లో నిర్మాణం మొదలైన అల్ అజ్హర్ మసీదు ఉంది. పాదరక్షలు విడిచి, స్త్రీలు తలపై ముసుగు వేసుకుని, ప్రార్థన లేని వేళల్లో మనమూ వెళ్ళి చూడవచ్చు. ఖురాన్ 48వ అధ్యాయంలో విశ్వాసుల ముఖాలపై ఉండే సజ్దా గుర్తు ప్రస్తావన ఉంది. దానిని కొందరు ఈ మచ్చకే అన్వయిస్తారు. తొలినాటి వ్యాఖ్యాత ముజాహిద్ మాత్రం ఆ గుర్తు అణకువేనని చెప్పాడు. మచ్చదేముంది, ఫరో కంటె కఠినుడి నుదుట కూడా ఉండవచ్చునన్నాడట!

'విశ్వాసి అధ్యక్షుడు' అనిపించుకున్న అన్వర్ సాదాత్ ఫోటోలలో ఈ మచ్చ స్పష్టంగా కనిపిస్తుంది. 1981 అక్టోబరు 6న ఆయనను కాల్చిచంపినవారు కూడా ఇస్లాం పేరు చెప్పుకున్నవారే.

సున్నీ పండితులలో ఎక్కువమంది పచ్చబొట్టును నిషేధిస్తారు. పాత కైరోలోని కోప్టిక్ క్రైస్తవులలో చాలామందికి కుడి మణికట్టు లోపలివైపు సిలువ పచ్చబొట్టు ఉంటుంది. ఒకే నగరంలో నుదుటిని చూసి ఒకరిని, మణికట్టును చూసి మరొకరిని ఫలానావారని పోల్చుకుంటారు. గుర్తు భక్తికే కాదు, మనవాడని చెప్పుకోవడానికి కూడా పనికివస్తుందన్నమాట.

మనకూ ఇది కొత్త కాదు. భుజాల మీద శంఖచక్రాల ముద్రలు వేయించుకున్న తాతగార్లు, విభూతి రేఖలు లేనిదే గడప దాటని పెద్దలు మన ఇళ్ళలో ఉన్నారు. ఇక్కడ మన పిల్లలు బడికి వెళ్ళేముందు బొట్టు చెరుపుకుంటే మనసు చివుక్కుమంటుంది. పెట్టుకొమ్మని చెప్పడం మన ధర్మమే. కాని అది లేనంత మాత్రాన వారి భక్తిని శంకించరాదని, ఉన్నంత మాత్రాన మన భక్తికి మురిసిపోరాదని కైరో వెళ్ళివచ్చాక మాకు తోచింది. సభ్యులు కూడా ఆలోచించవలసినదిగా కోరుతున్నాము.