వెనక పేజీల మనుషులు

1940 డిసెంబరు 21. హాలీవుడ్‌లో ఓ ఇంట్లో కుర్చీలో కూర్చుని పత్రిక తిరగేస్తున్నారు నవలా రచయిత స్కాట్ ఫిట్జ్‌గెరాల్డ్. ఫుట్‌బాల్ జట్టు మీద వచ్చిన వ్యాసం పక్కన ఏవో రాసుకుంటున్నారు. ఉన్నట్టుండి లేచారు, అంతలోనే కుప్పకూలిపోయారు. వయసు 44. అప్పటిదాకా ఆయన చదువుతున్నది ‘ప్రిన్స్‌టన్ అలమ్నై వీక్లీ’. నిజానికి ఆయనకు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం పట్టా లేదు. 1917లో చదువు మధ్యలో వదిలేసి సైన్యంలో చేరారు. కాలేజీని వదిలినా దాని పత్రికను మాత్రం వదల్లేదు!

ఇలాంటి పాఠకుల కోసం పత్రిక నడపడం కత్తి మీద సాము. ఆ సాము చేసినవారిలో లాండన్ జోన్స్ ఒకరు.

పూర్వ విద్యార్థుల కోసం ఆ పత్రిక 1900లో మొదలైంది. తొలి సంపాదకుడు జెస్సీ లించ్ విలియమ్స్ తర్వాత నాటకాలు రాసి, 1918లో ఆ విభాగంలో మొట్టమొదటి పులిట్జర్ బహుమతి అందుకున్నారు. ముందు పేజీల్లో ప్రొఫెసర్లు, పరిశోధనలు, పెద్ద పెద్ద వ్యాసాలు. వెనక పేజీల్లో బ్యాచ్‌ల వారీగా కబుర్లు. ప్రతి బ్యాచ్‌కీ ఓ కార్యదర్శి ఉంటారు. ఎవరి పెళ్లయింది, ఎవరు ఊరు మారారు, ఎవరికి మనవడు పుట్టాడు... అన్నీ సేకరించి రాసి పంపుతారు. పైసా తీసుకోరు. ఆ తర్వాత కన్నుమూసినవారి స్మృతులు. పత్రిక చేతికి రాగానే చాలామంది ముందు తిప్పేది ఈ పేజీలనే. సంపాదకుడు రాత్రంతా కూర్చుని దిద్దిన ముఖచిత్ర కథనం సంగతి తర్వాత!

జోన్స్ 1966 బ్యాచ్. 1969లో సంపాదకుడయ్యేనాటికి పాతికేళ్ల కుర్రాడు. సరిగ్గా ఆ ఏడాదే, 223 ఏళ్లుగా మగపిల్లలకే పరిమితమైన డిగ్రీ తరగతుల్లోకి అమ్మాయిలు అడుగుపెట్టారు. పాత బ్యాచ్‌లవాళ్లలో కొందరు ఇల్లు పీకి పందిరేశారు. విరాళాలు ఆపేస్తామన్నవారూ ఉన్నారు. 1972లో అసంతృప్తులు ఏకంగా ఓ సంఘం పెట్టుకుని ‘ప్రాస్పెక్ట్’ అనే పోటీ పత్రిక తెచ్చారు. ఒకవైపు విశ్వవిద్యాలయం, మరోవైపు తండ్రి వయసున్న పాఠకులు. ఎవరి మెప్పు కోసం రాయాలి? మంచి మాటలే అచ్చేస్తే అది పత్రిక కాదు, కరపత్రం. కోపాన్ని అచ్చేస్తే ఇంటి గుట్టు బయటపెట్టావంటారు. ఏ ఊళ్లోనైనా సంస్థ పత్రిక నడిపినవారికి ఈ ఇరకాటం కొత్తేం కాదు.

జోన్స్ అయిదేళ్లు అక్కడే ఉన్నారు. తర్వాత టైమ్ సంస్థ పత్రికల్లో పనిచేశారు. 1980లో, యుద్ధం ముగిశాక 1946 నుంచి 64 దాకా పుట్టిన అమెరికన్ల మీద పుస్తకం రాశారు. ‘బేబీ బూమర్’ అనే మాట జనం నోళ్లలో నానడానికి అదీ ఓ కారణం. (ఆయన పుట్టింది మాత్రం 1943లో!) 1989 నుంచి 1997 వరకు ‘పీపుల్’ పత్రిక సారథి. సినిమా తారలు, రాకుమారి డయానా... ఎక్కడి బ్యాచ్ కబుర్లు, ఎక్కడి ‘పీపుల్’ అనిపిస్తుంది. ఆలోచిస్తే రెండింటిదీ ఒకటే ఆకలి. ఫలానావాళ్లు ఇప్పుడెలా ఉన్నారు? తేడా ఏమిటంటే, తార మనకు తెలుసు, మనం తారకు తెలియం. వెనక పేజీలో పేరు కనిపించిన మనిషి ఒకప్పుడు పక్క గదిలో ఉన్నవాడు. అప్పు తీసుకుని ఇవ్వనివాడూ కావచ్చు.

తారల మోజు అమెరికాను ఎలా మార్చేసిందో జోన్స్ 2023లో ‘సెలబ్రిటీ నేషన్’ అనే పుస్తకం రాశారు. మరుసటి ఏడాది, 80 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆ పత్రిక ఇప్పటికీ వస్తోంది, పేరులో తప్ప వారపత్రిక కాదు. బ్యాచ్‌ల కబుర్లు పాత ఏడాదితో మొదలై కొత్త ఏడాదితో ముగుస్తాయి. పట్టా అందుకున్న ఏడాది మీ బ్యాచ్ అట్టడుగున ఉంటుంది. ఏటా పైవాళ్లు తగ్గుతుంటారు, మీరు కొంచెం ముందుకు జరుగుతుంటారు. 1966 బ్యాచ్ ఇప్పుడు చాలా ముందుకొచ్చేసింది.