సాయంత్రం వచ్చినవాళ్ళకీ నిండు కూలి

మా అద్దంకి చుట్టుపక్కల మిరపకాయ కోతలకు కూలి రెండు విధాలుగా ఇస్తారు. పొద్దున వెళ్ళి సాయంత్రం దాకా కోస్తే దినకూలి. లేదంటే కోసిన కాయను తూకం వేసి కిలోకి ఇంతని. కిలో లెక్క ఉన్నచోట చేతులు చురుగ్గా ఆడే పడుచువాళ్ళకు నాలుగు డబ్బులు ఎక్కువ దొరుకుతాయి. వయసు మళ్ళినవాళ్ళు, చంటిపిల్లను చెట్టుకింద ఉయ్యాలలో వేసి మధ్యమధ్యలో పాలివ్వడానికి లేచే తల్లులు వెనకబడతారు. మా నాయనమ్మ రెండు రకాల కూలికీ వెళ్ళింది. ఘాటుకు కళ్ళు ఎర్రబడి, రాత్రిళ్ళు చేతులు భగ్గుమంటుంటే మజ్జిగలో ముంచుకుని కూర్చునేది. అలాంటి మనిషికి మత్తయి సువార్త ఇరవయ్యో అధ్యాయంలోని ద్రాక్షతోట కథను ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

ఆ కథలో ఒక ఆసామి తెల్లవారగానే కొందరిని కూలికి కుదుర్చుకుంటాడు. మాట్లాడుకున్నది రోజుకు ఒక దేనారం. పొద్దెక్కాక మళ్ళీ వెళ్ళి మరికొందరిని, మధ్యాహ్నం ఇంకొందరిని, చివరకు పొద్దువాలే ముందు కూడా ఖాళీగా నిలబడ్డవాళ్ళను పిలుచుకొస్తాడు. చీకటిపడ్డాక అందరి చేతిలోనూ అదే దేనారం పెడతాడు. రోజంతా ఎండలో మాడినవాళ్ళు గొణుగుతారు. మా సంఘంలో చదువుకున్న కుర్రవాళ్ళు కొందరు ఇది అన్యాయమని ఓసారి గట్టిగానే వాదించారు. నాయనమ్మ అంతా విని, ‘‘ఆ సాయంత్రం వచ్చినోళ్ళు పొద్దుణ్ణించీ ఎవురూ పిలవక కూర్చున్నోళ్ళేగా నాయనా! పని దొరకనోళ్ళ పిల్లలకి ఆకలి తక్కువయిద్దా?’’ అంది. పాస్టరుగారు ఆ రోజు ప్రసంగాన్ని అక్కడితో ముగించేశారు.

కృప గురించి నేను చాలా పుస్తకాలే చదివాను. ఈ మాటకంటే సూటిగా చెప్పినది నాకు కనబడలేదు.

ఎఫెసీయులకు రాసిన పత్రికలో పౌలు చెప్పింది ఇదే. రక్షణ దేవుని కృపవల్ల, విశ్వాసం ద్వారా కలుగుతుంది. అది మనం చేసిన పనులకు ప్రతిఫలం కాదు, దేవుడిచ్చే వరం. కాబట్టి నేను సంపాదించానని ఎవరూ అతిశయపడటానికి వీల్లేదు. పదహారో శతాబ్దంలో లూథర్ ఈ మాట పట్టుకునే రోము సంఘంతో తెగదెంపుల దాకా వెళ్ళాడు. ఐరోపా దీనికోసం రెండుగా చీలింది. నాలుగు వందల డెబ్భై ఎనభై ఏళ్ళ తర్వాత, 1999 అక్టోబరు 31న, జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లు, కాథలిక్కులు కలిసి కూర్చుని ఈ విషయంలో మౌలికంగా మన మాట ఒకటేనని సంతకాలు చేశారు. చాలా పెద్ద సంఘటన అది. అయితే ఆ చరిత్ర నాది కాదు. ఈ బోధ నా ఇంట్లోకి వచ్చిన దారి వేరు. అది మా గుండ్లకమ్మ ఏటి వెంట వచ్చింది.

సాహిత్య చరిత్రలో అద్దంకి పేరు నిలబడింది 848 నాటి పండరంగని శాసనంతో. తరువోజ ఛందస్సులో చెక్కిన ఆ రాయి ఒక సేనాని గెలిచిన కోటలను, చేసిన ఘనకార్యాలను చెబుతుంది. చేసినవాడి పేరు రాతిలో నిలవడం న్యాయమే. ఊరికి ఎడంగా ఉన్న మాదిగపల్లెలో తోలు ఊనినవాళ్ళు, మోటకు బొక్కెన కుట్టినవాళ్ళు, చెప్పులు చేసి ఆసామి గడపదగ్గర పెట్టి దూరంగా నిలబడ్డవాళ్ళు కూడా తరతరాలుగా పనిచేశారు. వాళ్ళ పనిని ఏ రాయీ లెక్కపెట్టలేదు. పైగా, నువ్వు ఈ పుట్టుక పుట్టింది పోయిన జన్మలో చేసిన పనివల్లేనని వాళ్ళకు చెప్పారు. ఈ జన్మలో చేసినదానికి కూలి సరిగా రాదు, గుర్తులేని జన్మలో చేసినదానికి శిక్ష మాత్రం నిండుగా పడుతుంది. ‘క్రియలవల్ల కాదు’ అన్న మాట అలాంటి మనుషుల చెవిన పడ్డప్పుడు అదెలా వినిపించి ఉంటుందో ఊహించండి.

మొదట విన్నవాళ్ళలో ఒకడు యర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగిన మాదిగ పెద్ద. క్రైస్తవం అతని దగ్గరికి వచ్చేనాటికే అతను దేవుణ్ణి వెతుకుతున్నాడు. యోగమార్గంలో గురువును ఆశ్రయించి, ధ్యానం చేసి, తనే కొందరికి గురువయ్యాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జూయెట్ చేత 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. అదే సంవత్సరం అదే మిషనుకు చెందిన జాన్ క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. పేరయ్య తన బంధువర్గం ఉన్న ఊళ్ళన్నీ తిరిగి చెప్పాడు. మా వైపు సువార్త వ్యాపించింది తెల్లదొరల నోటివల్ల కంటే ఇతనివంటి పల్లె బోధకుల కాళ్ళవల్లే ఎక్కువని నా నమ్మకం.

ఒంగోలులో మొదట పై కులాలవారు కొందరు క్లౌ దగ్గరికి వచ్చి, మాదిగలను చేర్చుకోకుండా ఉంటే మేము ఆలోచిస్తామన్నారట. ఆయనకు ఏంచేయాలో తోచలేదు. ఆయన ఒక గదిలో, భార్య హ్యారియెట్ ఇంకో గదిలో, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో ఒకే భాగం కనబడిందని ఆయనే రాసుకున్నాడు. దేవుడు లోకంలో నీచులను, ఎన్నికలేనివారిని ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం అది. మిషను తలుపు పల్లెవైపు తెరుచుకుంది.

తర్వాత 1876–78 కరువు వచ్చింది. క్లౌ యువకుడిగా అమెరికాలో భూముల సర్వే పని చేసినవాడు. ఆ అనుభవంతో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలికి ఊళ్ళు వదిలిన వేలమంది అక్కడ మట్టి తవ్వి, తట్టలు మోసి కూలి తీసుకున్నారు. పేరయ్యలాంటి బోధకులే మేస్త్రీలు. పని ఆపి సేదతీరే వేళల్లో, ప్రయాసపడి భారం మోసేవారిని యేసు తన దగ్గరికి రమ్మన్న మాటను వాళ్ళు కూలీలకు మళ్ళీ మళ్ళీ చెప్పారు. నెత్తిమీద తట్ట ఉన్నవాడికి ఆ మాటకు అర్థం చెప్పే పని ఎవరికీ పడదు.

బాప్తిస్మం ఇమ్మని అడిగినవాళ్ళు కుప్పలుతెప్పలుగా వచ్చారు. క్లౌ ఒప్పుకోలేదు. కూటికోసం చేరారన్న మాట వాళ్ళమీద పడకూడదని కరువు సాగినంతకాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయపు పనులు నిలిచిపోయాక, ఇక నా దగ్గర పనీ లేదు, డబ్బూ లేదు, ఇళ్ళకు వెళ్ళండని చెప్పాడు. అప్పుడు జనం చెప్పిన జవాబు క్లౌ పుస్తకంలో ఉంది. మాకు మీ సాయం అక్కర్లేదు, మా చేతుల బొబ్బలు చూడండి, పనిచేశాం, ఇకముందూ చేసుకుంటాం, పంట పోతే చనిపోతాం, క్రైస్తవులుగా చనిపోవాలని ఉందన్నారని ఆ మాటల సారం.

1878 జులై 2న ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ళ దూరంలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 614 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మర్నాడు 2,222 మంది. ఆ మర్నాడు 700. మూడో తేదీన ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్ళలో నిలబడ్డారు. కూటికోసం మతం మారారన్న నింద ఈనాటికీ మామీద ఉంది. అనేవాళ్ళు దయచేసి ఈ తేదీలను చూడాలి. తిండి పెట్టినన్నాళ్ళూ బాప్తిస్మం ఇవ్వలేదు. ఇక పెట్టడానికేమీ లేదన్న తర్వాతే ఏరు నిండింది.

ఆ బొబ్బల చేతుల దగ్గరే ఈ బోధ నాకు పూర్తిగా అర్థమవుతుంది. వాళ్ళు కష్టాన్ని చూపించింది రక్షణ కొనుక్కోవడానికి కాదు, మేం తేరగా బతకడానికి రాలేదని చెప్పడానికి. కృప అంటే సోమరితనానికి లైసెన్సు అనేవాళ్ళు రెండు వైపులా ఉన్నారు, బయటా ఉన్నారు, సంఘంలోనూ ఉన్నారు. ఎఫెసీయుల పత్రికలో కృప మాట చెప్పిన వెంటనే పౌలు రాసిన వాక్యాన్ని వాళ్ళు చదవరు. మనం మంచి పనులకోసమే సృష్టించబడ్డామని అక్కడే ఉంది. యాకోబు పత్రిక అయితే క్రియలు లేని విశ్వాసం శవంలాంటిదని తేల్చేస్తుంది. గుండ్లకమ్మలో మునిగి లేచినవాళ్ళకు ఈ రెంటికీ పొత్తు కుదర్చడం కష్టం కాలేదు. విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, ఆదివారం పనికి పోకూడదు అనే మూడు నియమాలు వాళ్ళు పట్టుకున్నారు. మూడోది చిన్న విషయం కాదు. వెట్టికి కబురు వస్తే ‘ఇవాళ రాను’ అని చెప్పిన మొదటి తరం అది. అందుకు దెబ్బలు తిన్నారు, నీళ్ళకు, పనికి ఇబ్బందులు పడ్డారు. దేవుడు ఉచితంగా చేర్చుకున్నాడన్న ధైర్యం లేకుండా ఆ మాట ఆ నోట వచ్చేది కాదు.

ఈ ఆలోచన క్రైస్తవులకు తప్ప ఎవరికీ తట్టలేదని నేను అనను. శ్రీవైష్ణవుల్లో కోతిపిల్ల, పిల్లికూన వాదం ఎంత పాతదో తెలుగువాళ్ళకు తెలుసు. తల్లిని కరుచుకుని ఉండాల్సిన బాధ్యత పిల్లదా, పిల్లను నోట కరుచుకుని వెళ్ళే భారం తల్లిదా అని రెండు శాఖలు వాదించుకున్నాయి. శరణాగతి అనే మాట మన నేలలోనే ఉంది. కాకపోతే పల్లెవాళ్ళను గుడి గడప దాటనివ్వలేదు. ఆ మాట ఏటి ఒడ్డున, వాళ్ళ దగ్గరికే నడిచొచ్చింది.

తర్వాత ఆ మిషను ఊరూరా పెరిగింది. అద్దంకి కూడా దాని కేంద్రాల్లో ఒకటయింది. పేరయ్య తరం యోగ సాధనలను, వాళ్ళ వెతుకులాటను క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషన్‌బుష్ 1899లో ‘వైల్ సూయింగ్ శాండల్స్’ అనే పుస్తకంగా రాసింది. పల్లెకు దక్కిన శాసనం అదే అనుకుంటాను. ఎమ్మా తమ్ముడు వాల్టర్ రౌషన్‌బుష్, కూలివాడి న్యాయం కూడా సువార్తలో భాగమేనని అమెరికాకు బోధించినవాడు. ఆయన పాఠాలు చెప్పింది నేనిప్పుడు ఉంటున్న రోచెస్టర్‌లో. క్లౌ 1910లో కన్నుమూసిందీ ఈ ఊళ్ళోనే. ఉద్యోగం నన్నిక్కడికి తెచ్చినప్పుడు ఈ సంగతి తెలిసి చాలాసేపు మాట రాలేదు.

కృపకు వెల లేదు గానీ, నమ్మినందుకు మావాళ్ళు వెల కడుతూనే ఉన్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన మాదిగ షెడ్యూల్డు కులస్తుడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను ఆ ఉత్తర్వులో చేర్చారు, మమ్మల్ని చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో బీసీ–సీ కింద దక్కేది ఒక శాతం రిజర్వేషన్. మతం మారినా ఊళ్ళో పల్లె అదే, పిలుపు అదే. అందుకే ఎందరో గుడ్డలో చుట్టిన బైబిలు ఇంట్లో, హిందువని రాసిన సర్టిఫికెట్ బీరువాలో పెట్టుకుని బతుకుతున్నారు. వాళ్ళను తప్పుపట్టే హక్కు అమెరికాలో కూర్చున్న నాకు లేదు. ఆ ఉత్తర్వు మారాలని మాత్రం గట్టిగా అంటాను.

ఇక్కడి తెలుగు సంఘాల సంగతికి వస్తాను, ఇదంతా రాయడానికి కారణం కూడా అదే. ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పుకోవడం మనకు అలవాటు. నలభై రోజులు ఉపవాసం ఉన్నాను, హెచ్–1బి వచ్చింది. దశమభాగం తప్పకుండా ఇచ్చాను, ఇల్లు కొన్నాను. చప్పట్లు. ఏడాదికి 85,000 వీసాలకు కంప్యూటరు తీసే లాటరీని ఉపవాసానికి కూలిగా మార్చేస్తున్నాం. దేవుడికి కృతజ్ఞత చెప్పడం వేరు, దేవుడి దగ్గర జీతపు చీటీ చూపించడం వేరు. అదే వరుసలో వెనక బెంచీలో, అంతే ఉపవాసం ఉండి వీసా రాని అమ్మాయి కూర్చుని ఉంటుంది. నా ప్రార్థనలో ఏం లోపమోనని ఆమె లోపల్లోపల కుమిలిపోతుంది. పోయిన జన్మ పాపమని మా ముత్తాతలకు చెప్పిన మాటకూ, నీ విశ్వాసం చాలలేదని ఈ అమ్మాయికి చెబుతున్నదానికీ నాకు పెద్ద తేడా కనబడటం లేదు.

సంఘం బయట మనం ఇంకో రకం లెక్కల్లో ఉన్నాం. ప్రవాసంలో ఏ నలుగురు తెలుగువాళ్ళు కలిసినా వినిపించేది ‘మా కష్టంతో పైకొచ్చాం’ అన్న మాటే. కష్టపడ్డాం, కాదనను. కానీ నాకంటే ఎక్కువ కష్టపడిన మనిషి చేతులు మజ్జిగలో పెట్టుకుని కూర్చుంది. ఆమె కష్టానికి అమెరికా రాలేదు. నాకు ఫీజు కట్టిన మిషను బడి ఉంది, పక్కన కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్పిన మాస్టారున్నారు, సరైన ఏడాదిలో సరైన చదువు చదివిన యోగం ఉంది. నేను సంపాదించనివి వరుసగా రాస్తూపోతే నేను సంపాదించినవి అందులో చిన్న పేరా అవుతాయి. ఇది తెలిసిన మనిషి పని దొరకనివాణ్ణి చూసి చేతకానివాడు అనలేడు. పెళ్ళి సంబంధాల దగ్గర ‘క్రిస్టియన్, ఫలానా కులం’ అని ప్రకటన వేయనూలేడు. అలాంటి ప్రకటనలు మన సంఘాల్లోంచే వస్తున్నాయి. ఏట్లో ఒకే నీళ్ళలో మునిగినవాళ్ళ మనవలం, మనకిది తగదు.

కాబట్టి పాస్టర్లకు, సంఘ పెద్దలకు నాదొక మనవి. వచ్చే నెల సాక్ష్యాల సమయంలో వీసా రానివాళ్ళను, ఉద్యోగం పోయినవాళ్ళను, గ్రీన్ కార్డు వరుసలో ఉండగానే పిల్లలకు ఇరవై ఒకటి నిండి ఆ అవకాశం పోతుందని భయపడే తల్లిదండ్రులను ముందు పిలవండి. జరగనిదాని మధ్య దేవుడు తమను ఎలా పట్టుకుని ఉన్నాడో చెప్పనివ్వండి. చప్పట్లు వాళ్ళకు కొట్టండి. వెనక్కి వెళ్ళిపోవాల్సి వచ్చిన కుటుంబానికి అద్దె కట్టడానికి సంఘం డబ్బు తీయండి, అప్పుగా కాకుండా.