బురాంశ్‌కు సాటి

ఊఖీమఠ్ దాటి చోప్తా వైపు మలుపులు ఎక్కుతుంటే ఓక్ చెట్ల మధ్య ఎరుపు మొదలైంది. ఏప్రిల్ నెల. అక్కడివాళ్లు బురాంశ్ అంటారు. రోడోడెండ్రాన్ ఆర్బోరియమ్, ఉత్తరాఖండ్ రాష్ట్ర వృక్షం. కొమ్మ చివర్న గుత్తులుగా గంటల ఆకారపు పూలు, చుట్టూ దళసరి ఆకులు. దారిపక్క కొట్లో ఆ పూల షర్బత్ తాగి తుంగనాథ్ గుడికి నడకదారి పట్టాం.

గట్టులోంచి నీళ్లు ఊరుతున్న చోట నా కాళ్లు ఆగిపోయాయి. తడిరాయికి అంటుకుని మార్కాన్షియా! ఏళ్ల తరబడి తరగతిలో బోర్డు మీద గీసిన లివర్‌వర్ట్. రెండుగా చీలుతూ, మళ్లీ రెండుగా చీలుతూ పాకే పచ్చని పట్టీ. వేళ్లు లేవు, పట్టుకోవడానికి సన్నని మూలతంతువులే. భూతద్దం పెడితే పైన చిన్న చిన్న గళ్లు, గడికో గాలిరంధ్రం. అక్కడక్కడ బుల్లి గిన్నెలు, వాటిలో పచ్చని బిళ్లలు. వానచినుకు పడితే అవి చెదిరి, పడినచోట కొత్త మొక్కలవుతాయి. కొన్ని పట్టీల మీద బీజకణాల అవయవాలు మోసే బుల్లి గొడుగులు కూడా లేచాయి.

"ఆ మహావృక్షమెక్కడ, ఈ నాచెక్కడ మాస్టారూ!" అన్నాడు వెంట వచ్చిన శిష్యుడు. అసలు పోల్చాల్సింది ఆ రెంటినీ కాదన్నాను. చెట్టుగా కనబడేది సిద్ధబీజదం, అంటే సిద్ధబీజాలనిచ్చే దశ, రెండు సెట్ల క్రోమోజోములది. దాని సంయోగబీజదం, అంటే బీజకణాలనిచ్చే దశ, పుప్పొడి రేణువులోనూ అండంలోనూ కొన్ని కణాలుగా దాగి ఉంటుంది. మార్కాన్షియాలో ఇది తలకిందులు. పచ్చని పట్టీయే సంయోగబీజదం. సిద్ధబీజదం ఆడగొడుగు అడుగున, తల్లి మీద ఆధారపడి వేలాడే చిన్న బొడిపె. అంత పెద్ద బురాంశ్‌కు సాటి ఆ బొడిపె. ఈ పట్టీకి సాటి పుప్పొడి రేణువు.

వాడు మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశాడు. నాకు ఎంత సంతోషమైందో!

మార్కాన్షియా పురుషబీజకణం నీటిపొరలో ఈది స్త్రీబీజకణాన్ని చేరాలి, అందుకే ఊట దగ్గరే కాపురం. బురాంశ్ పుప్పొడి నాలుగేసి రేణువులుగా, జిగురు దారాలతో పెనవేసుకుని పిట్టలకూ తేనెటీగలకూ అంటుకుంటుంది. చెట్టు పొడి వాలు మీదా నిలబడగలదు. ఊటల దగ్గర బతికే ఈ చిన్న మొక్కలు పుస్తకానికీ ఎక్కాయి: లాహోర్‌లో పాఠం చెప్పిన శివరామ్ కశ్యప్ పశ్చిమ హిమాలయాల లివర్‌వర్ట్‌ల మీద 1929లో పుస్తకం వేశారు. ఇలాంటి ఊటలు పూడకుండా ఉంటేనే ఆ పుస్తకంలోని మొక్కలు మన పిల్లలకు కనబడతాయి. దారులు వెడల్పు చేసేవాళ్లు ముందుగా ఈ గట్లను చూడాలి.